స్పానియల్ ఇంటికొస్తే: కొన్ని తలకిందుల సలహాలు

కుక్కపిల్లను చూడటానికి వెళ్ళకండి. దాని తల్లిని చూడటానికి వెళ్ళండి. వీలైతే అమ్మమ్మ ఆరోగ్యం కూడా కనుక్కోండి.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కుక్క మాట ఎత్తేది పిల్లలే. పక్కింట్లో ఉంది, స్కూల్ బస్సు ఆగేచోట రోజూ ఒకటి కనిపిస్తుంది, మనకెందుకు లేదని మొదలుపెడతారు. నాన్న వద్దంటాడు, అమ్మ కార్పెట్ సంగతి తెస్తుంది, కొన్నాళ్ళకు ఇద్దరూ దిగొస్తారు. మరీ పెద్దది వద్దు, కరిచేది వద్దు, పిల్లలతో కలిసిపోయేది కావాలి అనుకుంటూ వెతికితే వేలాడే చెవులూ పెద్ద పెద్ద కళ్ళూ ఉన్న స్పానియల్ ఎదురవుతుంది. దాన్ని ఒక్కసారి చూశాక వేరే జాతి గురించి చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

నేను చెప్పబోయేవాటిలో చాలావాటిని మన పెద్దవాళ్ళు వినగానే కొట్టిపారేస్తారు. అయినా ప్రతి మాటా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. స్పానియల్ విషయంలో మనకు ముందుగా తోచే మంచి చాలాసార్లు దానికి చేటు చేస్తుంది. దాని ముఖం మనల్ని జాలిపడమంటుంది, ఒళ్ళు మాత్రం పని అడుగుతుంది. మనం ముఖం మాట విని ఒంటి మాట వినం.

అమ్మమ్మ గుండె ఎందుకు వినాలి

మన ఇళ్ళకు ఎక్కువగా నప్పే చిన్న స్పానియల్ పేరు కావలియర్ కింగ్ చార్లెస్. 13 నుంచి 18 పౌన్ల బరువు, అడుగు ఎత్తు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌ను ఏలిన రెండవ చార్లెస్ ఈ బుల్లి స్పానియళ్ళను వెంటేసుకుని తిరిగేవాడు. రాజ్యవ్యవహారాలు వదిలేసి కుక్కతో ఆడుకుంటున్నాడని శామ్యూల్ పీప్స్ తన డైరీలో విసుక్కున్నాడు కూడా. తరవాతి కాలంలో ముక్కు లోపలికి నొక్కుకుపోయిన రకం ఫ్యాషనై, పాత చిత్రపటాల్లో కనిపించే పొడుగు ముక్కు రకం దాదాపు కనుమరుగైంది. దాన్ని వెనక్కి తెచ్చింది ఒక అమెరికన్. రాస్‌వెల్ ఎల్‌డ్రిడ్జ్ అనే ఆయన 1926లో లండన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో పాత రూపంలో ఉన్న స్పానియల్‌కు 25 పౌండ్ల నగదు బహుమతి ప్రకటించాడు. 1928లో యాన్స్ సన్ అనే కుక్క ఆ బహుమతి గెలిచింది, ఆ ఏడే ఈ జాతికి క్లబ్బు పుట్టింది. ఎల్‌డ్రిడ్జ్ మాత్రం అప్పటికే కన్నుమూశాడు. 1945లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని వేరే జాతిగా గుర్తించింది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ ప్రపంచంలో ఉన్న కావలియర్లన్నీ ఆనాటి కొద్దిపాటి కుక్కల సంతానం. ఆ కొద్దిటిలో ఉన్న గుండె జబ్బు అన్నిటికీ పాకింది. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం దళసరెక్కి సరిగా మూసుకోదు, రక్తం వెనక్కి చిమ్ముతుంది, స్టెతస్కోపులో అది మర్మర్‌గా వినిపిస్తుంది. ఐదేళ్ళ వయసుకు దాదాపు సగం కావలియర్లలో ఈ చప్పుడు ఉంటుంది. పదేళ్ళకు దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. ఇంకొన్నిటిలో మెదడుకు పుర్రె ఇరుకై, వెన్నుపాములో నీటి బుడగలు ఏర్పడి, ఆ కుక్కలు మెడ దగ్గర గాలిలో గోక్కుంటూ ఉంటాయి. నార్వేలో జంతు సంరక్షణ సంఘం వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కావలియర్లను ఇప్పుడున్నట్టుగా పెంచి పిల్లలు పెట్టించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని ఆ కోర్టు 2023 అక్టోబరులో తేల్చింది.

కాబట్టి ఎనిమిది వారాల పిల్ల గుండె బాగుందని వెట్ ఇచ్చిన కాగితం చూసి సంబరపడకండి. ఆ వయసులో దాదాపు అన్నిటి గుండే బాగానే ఉంటుంది. అడగాల్సింది వేరు. కావలియర్ల పెంపకందార్లకు కార్డియాలజిస్టులు చెప్పిన నియమం ప్రకారం రెండున్నరేళ్ళు నిండి గుండె పరీక్షలో నెగ్గాకే కుక్కకు పిల్లలు పెట్టించాలి. దాని తల్లీ తండ్రీ ఐదేళ్ళ వయసులో కూడా మర్మర్ లేకుండా ఉండాలి. అంటే మీ ఇంటికి రాబోయే పిల్లకు వాళ్ళు తాతలూ అమ్మమ్మలూ. ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ అనే సంస్థ అమెరికాలో కుక్కల గుండె, కళ్ళు, మోకాలిచిప్పల పరీక్షా ఫలితాలను పేరు పేరునా నమోదు చేస్తుంది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. తల్లి పూర్తి పేరు అడగండి. పేరు చెప్పడానికి వెనకాడేవాళ్ళ దగ్గర, పెట్రోల్ బంకు దగ్గర కలుద్దాం అనేవాళ్ళ దగ్గర కొనకండి. పూడుల్‌తో కలిపిన కావపూ కదా, జబ్బులుండవు అంటారు. సగం నెత్తురు కావలియర్‌దే కదా. అదే పేరు, అదే కాగితం అడగండి.

కుక్కపిల్లే వద్దు

పిల్లలకు ఈ సలహా అస్సలు నచ్చదు. నాకు మాత్రం ఇది అన్నిటికన్నా ఇష్టమైన సలహా. ఐదారేళ్ళ స్పానియల్‌ను తెచ్చుకోండి. దాని గుండె ఏమిటో ఆ వయసుకు తెలిసిపోతుంది. చెవులు పదేపదే చీముపట్టే రకమో కాదో, పిల్లలంటే ఇష్టమో బెదురో, కారెక్కితే కక్కుకుంటుందో లేదో తెలుస్తుంది. రాత్రి రెండింటికి లేచి బయటికి తీసుకెళ్ళే బాధ ఉండదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రెండు నెలల పిల్లకు న్యాయం చేయడం నిజంగా కష్టం. ఫోర్సైత్ కౌంటీ జంతు ఆశ్రయంలో అడిగి ఉంచండి. స్పానియళ్ళకే ప్రత్యేకంగా పనిచేసే రెస్క్యూ సంస్థలూ ఉన్నాయి. ముసలాయన చనిపోయో, ఇల్లు మారాల్సివచ్చో వదిలేసిన మంచి కుక్కలు అక్కడికి వస్తుంటాయి.

అన్నిటికంటే అందమైనదాన్ని తెచ్చుకోకండి

నేలను ఊడ్చే పట్టు జూలుతో ప్రదర్శనల్లో నడిచే అమెరికన్ కాకర్ స్పానియల్ ముందు ఏ కుక్కా నిలవదు. మై ఓన్ బ్రూసీ అనే నల్ల కాకర్ 1940లోనూ 1941లోనూ వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శనలో అగ్రస్థానం గెలిచింది. 1952 సెప్టెంబరు 23న రిచర్డ్ నిక్సన్ తన మీద వచ్చిన ఆరోపణలకు టీవీలో జవాబు చెబుతూ, పిల్లలకు కానుకగా వచ్చిన చెకర్స్ అనే కాకర్‌ను మాత్రం తిరిగి ఇచ్చేది లేదన్నాడు. 1936 నుంచి పదిహేనేళ్ళకు పైగా అమెరికాలో అత్యధికంగా నమోదైన జాతి ఇదే. ఆ గిరాకీయే దాని కొంప ముంచింది. ఎవరు పడితే వారు పిల్లలు పెట్టించి అమ్మారు. కంటిశుక్లాలు, గ్లాకోమా, జిడ్డు చర్మం, తన ఎర్ర రక్తకణాలను తన ఒళ్ళే చంపుకునే రక్తహీనత ఈ జాతికి అంటుకుపోయాయి.

రోజూ జూలు దువ్వే తీరిక లేని ఇంటికి ఆ జూలు వద్దు. వేటకు పెంచిన వంశాల ఇంగ్లిష్ కాకర్‌కు జూలు తక్కువ. కాకపోతే దానికి పరుగు ఎక్కువ కావాలి. స్ప్రింగర్ ఇంకా పెద్దది, 40 నుంచి 50 పౌన్లు. పక్క రాష్ట్రం సౌత్ కరొలైనాలో పుట్టిన బాయ్‌కిన్ స్పానియల్ గురించి మనవాళ్ళలో చాలామంది వినలేదు. 20వ శతాబ్దం మొదట్లో స్పార్టన్‌బర్గ్‌లో దొరికిన ఒక దారితప్పిన గోధుమరంగు కుక్క నుంచి మొదలైన జాతి ఇది. చిన్న పడవలో పట్టేంత ఒళ్ళు, ఈ ఎండకూ ఈ నీళ్ళకూ అలవాటుపడ్డ పుట్టుక. 1985లో ఆ రాష్ట్రం దాన్ని తన అధికారిక కుక్కగా ప్రకటించింది. వారాంతాల్లో లేక్ లేనియర్‌కు వెళ్ళే కుటుంబమైతే దాని గురించి ఆలోచించండి. రోజంతా సోఫాలో ఉండే కుటుంబమైతే మాత్రం దాని జోలికి వెళ్ళకండి.

నడకకు తీసుకెళ్ళి నడవకండి

బిగ్ క్రీక్ గ్రీన్‌వే మీద సాయంత్రాలు మనవాళ్ళు చేతికి వాచీ కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు. ఆ నడకకు స్పానియల్‌ను తీసుకెళ్ళకండి. దానికి విడిగా ఇంకో నడక కావాలి. అందులో మీరు ఎక్కువసేపు నిలబడే ఉంటారు.

కేంబ్రిడ్జి పండితుడు, రాణి ఎలిజబెత్ వైద్యుడు జాన్ కైయస్ 1570లో ఇంగ్లండ్ కుక్కల మీద లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. అందులోనే నేల స్పానియళ్ళనీ నీటి స్పానియళ్ళనీ వేరు చేశాడు. అప్పట్లో వాటి పని పొదల్లో దాక్కున్న పిట్టలను లేపడం. లేచిన పిట్టను డేగ పట్టేది, లేదా వల పడేది. తుపాకులు వచ్చాక పని ఇంకా కచ్చితమైంది. మనిషికి ముందు కుడికీ ఎడమకూ వంకర టింకరగా తిరుగుతూ వాసన పట్టాలి, అయితే తుపాకి గుండు చేరే దూరం దాటిపోకూడదు. దాటితే పిట్ట లేచినా లాభం లేదు. అందుకని మాటిమాటికీ వెనక్కి తిరిగి మనిషి ఎక్కడున్నాడో చూసుకునే కుక్కలనే ఎంచి ఎంచి పెంచారు.

మీ కుక్క లీష్ మీద తిన్నగా నడవక అటూ ఇటూ లాగడం మొండితనం అనుకోకండి, అది దాని కులవృత్తి. మీరు వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, బాత్రూంకి వెళితే తలుపు దాకా వెంటపడటం కూడా అందులోంచి వచ్చిందే. ఈ రెండూ మాన్పించాలని చూసేవాళ్ళు కుక్కనూ తమనూ ఊరికే అలసిపోయేలా చేసుకుంటారు. పది అడుగుల లీష్ కట్టి, కుక్కలను రానిచ్చే దారుల్లో ఒక చెట్టు మొదలు దగ్గర దానికి ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగండి. అరగంట వాసన చూసిన స్పానియల్ ఇంటికొచ్చి, గంట నడిచినదానికన్నా హాయిగా పడుకుంటుంది. వాన పడే రోజుల్లో గదిలో పదిచోట్ల దాని భోజనం గింజలు దాచి వెతకమనండి. ఒక్క జాగ్రత్త: ఆకులు కుప్పపడ్డచోట, రాళ్ళ సందుల్లో కాపర్‌హెడ్ పాములుంటాయి, గడ్డిలో ఎర్రమట్టి దిబ్బల్లా కనిపించేవి ఫైర్ యాంట్స్ పుట్టలు. అక్కడ మాత్రం ముక్కు పెట్టనివ్వకండి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో తిండి సంగతి

ఇది అన్నిటికన్నా పెద్ద విషయం. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మా తాతయ్యా పగలంతా ఇంట్లో ఉంటారు. పిల్లలు స్కూల్లో, కూతురూ అల్లుడూ మీటింగుల్లో. ఆ ఇంట్లో పెద్దావిడకు తోడు ఆ కుక్కే. "పాపం, ఎలా చూస్తోందో చూడవే" అంటూ తన కంచంలోంచి ఒక ముద్ద తీసి పెడుతుంది. ఆ చేతిలో ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు. అందుకే ఆమెకు వద్దని ఒక్క మాటలో చెప్పి వదిలేయకుండా ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పండి.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను పాడు చేస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, ఒక కుక్క తట్టుకున్నది ఇంకోదాన్ని చంపవచ్చు. దీనికి కారణం ద్రాక్షలోని టార్టారిక్ యాసిడ్ అని ఈమధ్య పశువైద్యులు ప్రతిపాదించారు. ఆ యాసిడ్ దండిగా ఉన్న ఇంకో పదార్థం మన చింతపండు. చింతపండు తిన్న కుక్కల్లో కిడ్నీలు దెబ్బతిన్న సంగతులు 2022లో వైద్యపత్రికలో వచ్చాయి. అంటే పులిహోర, పులుసు, రసం, పప్పుచారు అన్నీ దానికి దూరంగా ఉండాలి. ప్రసాదమని పులిహోర ముద్ద పెట్టకండి, చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఏరి పెట్టినా వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా వండినవైనా పొడి అయినా అంతే. మన తాళింపు లేని కూర ఏది? నేతితో చేసిన మిఠాయిలు కాకర్లకూ కావలియర్లకూ మరీ చేటు, ఈ రెండు జాతుల్లో క్లోమం వాపు తరచుగా చూస్తారు. చాక్లెట్ సంగతి పిల్లలకు తెలుసు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని పీనట్ బటర్లలో ఉండే జైలిటాల్ సంగతి చాలామంది పెద్దవాళ్ళకు తెలియదు. హాలోవీన్ బుట్టా దీపావళి పళ్ళెమూ రెండూ దానికి అందని ఎత్తులో ఉండాలి. ఏదైనా తిన్నదని తెలిస్తే వాంతి అయ్యేదాకా చూద్దాం అనుకోకండి. అప్పటికప్పుడు వెట్‌కో, ఏఎస్‌పీసీఏ నడిపే జంతు విష చికిత్స కేంద్రానికో ఫోన్ చేయండి.

ఇప్పుడు పెద్దవాళ్ళకు మింగుడుపడని మాట. ఇంటిల్లిపాదీ శాకాహారులైనా సరే, స్పానియల్‌కు మాంసం పెట్టండి. అన్నం, పప్పు, పెరుగుతో దాన్ని సాకలేరు. టారిన్ అనే పదార్థం గుండె కండరానికి అవసరం, అది మొక్కల్లో దాదాపు ఉండదు. చాలా కుక్కలు తమ ఒంట్లోనే దాన్ని తయారు చేసుకుంటాయి. అమెరికన్ కాకర్లలో కొన్నిటికి ఆ శక్తి చాలదు, గుండె ఉబ్బి బలహీనపడుతుంది, టారిన్ ఇస్తే తేరుకుంటుంది. ఈ సంగతి 1990ల్లోనే తేలింది. గోధుమ, బియ్యం లేకుండా బఠాణీ, పప్పుధాన్యాలతో చేసిన ఖరీదైన కుక్క తిండి తిన్నవాటిలో గుండె జబ్బు కనిపిస్తోందంటూ అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018 జులైలో విచారణ ప్రకటించింది. కాబట్టి సంచీ మీద ధాన్యం లేనిది అని రాసి ఉంటే అది గొప్ప అనుకోకండి. మాంసం వండటం మీకు ఇష్టం లేకపోతే వండొద్దు. మంచి కంపెనీ పొడి తిండిలో మాంసం ఎలాగూ ఉంటుంది, గరాజ్‌లో వేరే డబ్బాలో పెట్టుకోండి. పెరుగన్నం ముద్ద పెట్టనిదే అమ్మమ్మ మనసు ఊరుకోకపోతే ఉప్పూ తాళింపూ లేని ఒక చెంచా చాలు. క్యారెట్ ముక్కలు ఇంకా మేలు, చేత్తో పెట్టానన్న తృప్తీ దక్కుతుంది.

తిన్నాక కూడా అది ఆకలిగానే చూస్తుంది. ఆ చూపును నమ్మకండి, పక్కటెముకలను నమ్మండి. వేళ్ళతో తడిమితే తేలిగ్గా తగలాలి.

చెవిని ముక్కుతో చూడండి

రోజూ సాయంత్రం స్పానియల్ చెవి ఎత్తి వాసన చూడండి. వంటింట్లో వాసన చూసి పాలు విరిగాయో లేదో చెప్పగలిగే మన ముక్కుకు ఇది కష్టం కాదు. పులిసిన పిండి వాసనో, ముక్కవాసనో వస్తే లోపల ఈస్టో బాక్టీరియానో పెరుగుతోందని అర్థం. కుక్క చెవి గొట్టం కిందికి దిగి లోపలికి మలుపు తిరుగుతుంది, పైన బరువైన చెవి మూత వేసి ఉంటుంది, కాకర్లలో మైనం ఊరే గ్రంథులు కూడా ఎక్కువ. జార్జియా వేసవి ఉక్కలో ఇంకేం కావాలి?

దూది పుల్ల పెట్టకండి, అది మైనాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. కొబ్బరినూనె పోయకండి, తడికి తడి తోడవుతుంది. వెట్ చెప్పిన క్లీనర్ పోసి, కింద పిసికి, దాన్ని తల విదిలించుకోనిచ్చి, బయటికి వచ్చింది దూదితో తుడవండి. లేనియర్‌లో ఈదించిన రోజు ఈ పని తప్పనిసరి. నీళ్ళ మీద ఆకుపచ్చ రంగు తెట్టు కనిపిస్తే మాత్రం ఒడ్డునే ఉండండి, కొన్ని నాచులు విషపూరితం. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న గిన్నెలో నీళ్ళు పెడితే చెవులు అందులో మునుగుతాయి, ఇరుకు మూతి గిన్నె కొనండి.

వేసవిలో పాపం ఉడికిపోతోందని గుండు చేయించకండి. వీపు మీద జూలు ఎండను కూడా ఆపుతుంది. మొదలంటా గీయిస్తే మళ్ళీ మొలిచేది దూదిలా మొలిచి ఇంకా చిక్కులు పడుతుంది. పొట్ట కింద, చెవుల లోపలి వైపు, కాలివేళ్ళ మధ్య కత్తిరించడం చాలు. స్నానాలు తగ్గించి దువ్వడం పెంచండి. చిక్కులు పడేది చంకల్లో, చెవి వెనక, తొడల వెనక. తడిపితే చిక్కు బిగుస్తుంది, ముందు దువ్వి తరవాతే తడపండి. మార్చి ఆఖరులో పైన్ పుప్పొడి కార్లన్నిటినీ పసుపు చేసే రోజుల్లో ఇంట్లోకి రాగానే తడిగుడ్డతో కాళ్ళూ పొట్టా తుడవండి.

దొంగతనం చేస్తే బహుమతి ఇవ్వండి

చెప్పులు గరాజ్ గుమ్మం దగ్గర వరసగా విడిచే ఇళ్ళు మనవి. నోటితో పట్టి తేవడానికే పుట్టిన కుక్కకు రోజూ ఆ వరస కనిపిస్తుంది. సాక్సు నోట కరుచుకుని వచ్చినప్పుడు అరిచి, వెంటపడి, నోరు తెరిచి లాక్కుంటే అది రెండు నేర్చుకుంటుంది: దొరికింది దాచుకోవాలి, చెయ్యి దగ్గరికొస్తే గుర్రుమనాలి. కాకర్లు కరుస్తాయన్న చెడ్డపేరులో కొంత ఇలా మనం నేర్పినదే. అందుకని నవ్వుతూ పిలవండి, భేష్ అనండి, చికెన్ ముక్క ఇచ్చి సాక్సు తీసుకోండి. దొంగకు లంచం ఇస్తున్నారని ఇంట్లో అంటారు, అననివ్వండి. తెచ్చి ఇవ్వడం లాభసాటి అని దానికి తెలిస్తే, రేపు మాత్రల సీసా దొరికినా మీ దగ్గరికే తెస్తుంది. చెప్పులు అలమరలో పెట్టడం పిల్లలకు నేర్పండి, అది కుక్కకు నేర్పడం కన్నా తేలిక.

కాపలా పని దానికి అప్పగించకండి. వచ్చినవాళ్ళందరినీ చుట్టాల్లాగే చూస్తుంది. ఇంటికి కుక్క వచ్చిందంటే పూజగది మైల అని అభ్యంతరపెట్టే పెద్దలుంటే దత్తాత్రేయుడి పటంలో ఆయన పాదాల దగ్గర ఉన్న నాలుగు కుక్కలను చూపించండి. వాళ్ళ మాటా కాదనకుండా తలుపుకు చిన్న గేటు పెట్టండి.

జబ్బు లేనప్పుడే మందు వేయండి

మన పద్ధతి జ్వరం వచ్చాక మాత్ర. ఇక్కడ అది పనికిరాదు. దోమకాటుతో వచ్చే హార్ట్‌వర్మ్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ఎక్కువ. లోపలికి వెళ్ళిన పిల్ల పురుగు ఆరేడు నెలల్లో గుండె దగ్గర అడుగు పొడవు దాకా పెరుగుతుంది. అప్పుడు వైద్యం అంటే ఆర్సెనిక్‌తో చేసిన ఇంజెక్షన్లు, నెలల తరబడి పరుగూ గంతూ లేకుండా కట్టేసి ఉంచడం. నెలకో మాత్ర, జనవరిలో చలిగా ఉన్నా సరే, ఏడాది పొడుగునా వేయండి. ఏటా ఒకసారి రక్తపరీక్ష చేయించండి. రేబీస్ టీకా ఎలాగూ జార్జియా చట్టం.

కావలియర్ ఉన్న ఇంట్లో ఇంకో పని. అది గాఢనిద్రలో ఉండగా వారానికోసారి నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టి రాసుకోండి. ముప్పై దాటుతూ ఉంటే ఆ రోజే వెట్‌కు చెప్పండి. మర్మర్ వినిపించాక కూడా దగ్గు రాలేదు కదా, మందెందుకు అని ఆగకండి. గుండె పెద్దదైనట్టు స్కాన్‌లో తేలిన కుక్కలకు లక్షణాలు రాకముందే పిమోబెండాన్ మొదలుపెడితే గుండె చేతులెత్తేయడం సగటున 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం చూపించింది. స్పానియల్ ఆయువులో 15 నెలలు తక్కువ కాదు.

జులై 4న ఊరంతా ఆవిరి ఇంజన్ల ఊరేగింపుకు వెళుతుంది. కుక్కను తీసుకెళ్ళకండి. ఆ రాత్రి బాణసంచాకూ దీపావళి రాత్రికీ ముందే వెట్‌తో మాట్లాడి, కిటికీలు లేని గదిలో ఫ్యాన్ వేసి పడుకోబెట్టండి. మైక్రోచిప్‌లో మీ ఫోన్ నంబరు సరైనదేనా అన్నది ఆ పండగలకు ముందే చూసుకోండి.

అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఒంటరితనం నేర్పండి

ఎప్పుడూ మనిషిని చూసుకుంటూ పనిచేయడానికి పెంచిన కుక్క మనిషి కనిపించకపోతే తల్లడిల్లుతుంది. ఇంటి నుంచే పనిచేసే ఇళ్ళలో అది ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండకుండా పెరుగుతుంది. తరవాత ఒకరోజు ఆఫీసుకు రమ్మంటారు. అందుకని మీరు ఇంట్లో ఉన్నప్పుడే వేరే గదిలో ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట దాన్ని వదలండి. వెళ్ళేటప్పుడు ముద్దులు పెట్టి సంజాయిషీ చెప్పకండి. వచ్చాక అది గంతులు మానేదాకా పలకరించకండి. చూడటానికి కఠినంగా ఉంటుంది, కుక్కకు మాత్రం మనసు కుదుటపడుతుంది.

ఇండియా ప్రయాణానికి దాన్ని వెంట తీసుకెళ్ళకండి. తాతయ్యకు చూపించాలని ఉంటుంది, ఫోన్లో చూపించండి. పొడుగు ముక్కు రకమే అయినా, వేరే కుక్కలతో పోలిస్తే కావలియర్ ముక్కు పొట్టిదే, దానికి కార్గో ప్రయాణమే ఒక ప్రమాదం. పైగా రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నియమాల ప్రకారం తిరిగి వచ్చేటప్పుడు మైక్రోచిప్, దిగుమతి ఫారం ఉండాలి. అమెరికాలో వేసిన రేబీస్ టీకా ధ్రువపత్రం మీద ఇక్కడి నుంచి బయల్దేరకముందే వ్యవసాయ శాఖ ముద్ర వేయించి ఉండాలి. ఆ ముద్ర లేకుండా వెళితే వెనక్కి తేవడం నెలల వ్యవహారం అవుతుంది. దానికి బదులు విమానం టికెట్లు కొన్న రోజే అది ఎక్కడ ఉండబోతోందో తేల్చుకోండి. డిసెంబరులో మన ఇళ్ళన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి, బోర్డింగులు ముందే నిండిపోతాయి. ఊళ్ళో ఉండిపోయే ఒక కుటుంబంతో ఒప్పందం చేసుకుని, ప్రయాణానికి ముందు రెండు మూడు వారాంతాలు దాన్ని వాళ్ళింట్లో పడుకోబెట్టి రండి. వెళ్ళేటప్పుడు దాని దుప్పటి, అది తినే తిండి సంచీ, వెట్ నంబరు, మీరు అందుబాటులో లేకపోతే వైద్యం చేయించవచ్చని మీ సంతకంతో ఒక కాగితం ఇవ్వండి. వంటింట్లో చింతపండు డబ్బా ఎంత ఎత్తులో ఉండాలో కూడా వాళ్ళకు చెప్పండి.